కోటలో ఉండిపోనందుకు

బుల్లెమ్మకీ పెద్దిరాజుకీ పెళ్లయి ఎనిమిదేళ్లు. అందులో అయిదేళ్లు ఇద్దరూ కువైట్‌లోనే ఉన్నారు గానీ, ఒక కప్పు కింద మాత్రం కాదు. ఆమె సల్వాలో ఒక కువైటీల ఇంట్లో పనిమనిషి. అతను సబ్హాన్‌లో నూనె డబ్బాల గోదాములో లోడింగు పని చేసి, ఆ వెనకే రేకుల షెడ్డులో పడుకునేవాడు. శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమెకు పొద్దుగూకే దాకా సెలవు. పెద్దిరాజు రెండు బస్సులు మారి వచ్చి, సల్వా బజారు వెనక గోడ నీడన అట్టపెట్టె ఒకటి చదును చేసి పరిచి కూర్చునేవాడు. ఆమె కొంగు కింద దాచి తెచ్చిన అన్నం ఇద్దరూ తినేవాళ్లు.

"మనది శుక్రారం కాపరం బుల్లీ," అని నవ్వేవాడు. "దేవుడు వారానికి ఒక్క రోజే ఇచ్చాడు. పోనీలే, పోట్లాడుకోడానికి టైం లేదు."

1990 జులైలో ఆ ఇంటివాళ్లు వేసవికి ఫ్రాన్సు బయల్దేరారు. ఇంటావిడను బుల్లెమ్మ అక్కడి పనిమనుషులందరిలాగే మామా, అంటే అమ్మా, అనేది. ఆవిడ తల్లిని పెద్ద మామా అనేది. పెద్ద మామాకు కాళ్లు పడిపోయి మూడేళ్లు. స్నానం, బట్టలు, ముద్ద, మందు అన్నీ బుల్లెమ్మ చేతుల మీదే. అందుకని ఆమెనూ వెంట తీసుకెళ్లారు.

"ఎన్ని శుక్రారాలు పోతాయి?" అని అడిగాడు పెద్దిరాజు.

"ఎనిమిది," అంది.

అతను కింద పరిచిన అట్టను చాలాసేపు గోటితో గీరుతూ కూర్చున్నాడు.

ఫ్రాన్సులో వాళ్లు దిగింది పట్నంలో కాదు, పొద్దుతిరుగుడు చేల మధ్య ఒక పల్లెటూళ్లో. తెల్లటి ఆవులు, రాతి ఇళ్లు, సన్నటి ఏరు. ఆ ఏటి మీద గుట్టకు ఒక కోట. ఏడొందల ఏళ్ల నాటిదట. వచ్చిన వారానికి పిల్లలు చూస్తామని గొడవ చేస్తే అందరూ వెళ్లారు.

బుర్రకథల్లో విన్న కోటలు తప్ప బుల్లెమ్మ కోటన్నది చూసి ఎరగదు. దగ్గరికి వెళ్లేసరికి ఒళ్లు జలదరించింది. చుట్టూ లోతైన కందకం, అడుగున నాచు పట్టిన నీళ్లు. దాని మీద చెక్క వంతెన. గుమ్మం దాటుతుంటే పైన ఇనుప మేకుల తలుపు వేలాడుతూ, తల మీద పడుతుందా అన్నట్టుంది. గోడ మందం చూస్తే మనిషి అడ్డంగా పడుకున్నా ఇంకా చోటు మిగిలేలా ఉంది. బాణాలు వేసే సన్నటి సందుల్లోంచి ఎండ కత్తుల్లా లోపలికి దిగుతోంది. బురుజు మీదికి మెట్లు మెలికలు తిరిగిపోయాయి. చక్రాల కుర్చీ ఎక్కదు. మామా, ఆవిడ భర్త, పిల్లలు పైకి వెళ్లారు. బుల్లెమ్మ పెద్ద మామాను తోసుకుంటూ కింద వంటశాలలోకి వెళ్లింది.

అక్కడి పొయ్యి చూసి నోరు తెరిచింది. "అమ్మో, ఏనుగుని కాల్చొచ్చు ఇందులో!" అని తనలో తాను అనుకున్న మాట పైకే వచ్చేసింది.

"ఏనుక్కాదమ్మా, ఎద్దుని కాల్చేవారు," అన్నాడు ఎవరో వెనక నుంచి, తెలుగులో.

తిరిగి చూస్తే నీలం చొక్కా, టోపీ, నడుముకు తాళాల గుత్తి, అరవై ఏళ్ల నల్లటి మనిషి. కోటలో కావలి.

"ఏ ఊరమ్మా మీది?"

"ఎదుర్లంకండి."

"ఎదుర్లంకా! మాది యానామమ్మా. రేవులో నిలబడి కేకేత్తే మీకు వినపడుద్ది." ఆయన టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు. "గోదారి దాటించే పంటు ఇంకా అలాగే తిరుగుతుందా? వరదొత్తే ఆపేత్తన్నారా?"

ఆయన పేరు వెంకటసత్యనారాయణ. యానాం ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నప్పుడు వాళ్ల పట్టాళంలో చేరి, ఆ దేశం కాగితాలు తీసుకుని ఇటు వచ్చేసిన మనిషి. పింఛను పుచ్చుకున్నాక ఈ కోటలో టిక్కెట్లు చింపే పనికి కుదిరాడు. తెలుగు మాట చెవిన పడి నాలుగేళ్లయిందట. బుల్లెమ్మ చేత పెద్ద మామా అనుమతి అడిగించి ఆవిడ కుర్చీ తనే తోస్తూ కోట కింది భాగమంతా చూపించాడు. బావి చూపించాడు. గుర్రాల సాల చూపించాడు. చివరికి నేలలో ఉన్న ఒక రంధ్రం దగ్గర ఆగాడు. దాని మీద ఇనుప జాలీ ఉంది.

"దీన్ని వీళ్ల బాసలో మరుపు గొయ్యంటారు. మనిషిని తాడుతో దింపి, తాడు పైకి లాగేసుకునేవారు. కొట్టడం లేదు, చంపడం లేదు. ఊరికే మర్చిపోయేవారంతే."

"వాళ్ల ఇంటోళ్లు వచ్చి అడగరాండీ?"

"అడిగితే అలాంటోడెవడూ ఇక్కడికి రాలేదనేవారట."

బుల్లెమ్మ వంగి చూసింది. అడుగు కనిపించలేదు. చల్లటి గాలి మాత్రం మొహానికి కొట్టింది.

ఆ తర్వాత ఆయన మెల్లగా అసలు మాట ఎత్తాడు. కువైట్‌లో ఆమె పనేమిటో, సెలవెంతో, మొగుడెక్కడో అన్నీ అడిగి తెలుసుకున్నాడు.

"చూడమ్మాయ్. ఈ గుట్ట దిగువన కన్నెస్త్రీలు నడిపే ముసలోళ్ల ఆశ్రమం ఉంది. మంచాన పడ్డోళ్లని చూసే మనుషులు దొరక్క అల్లాడిపోతన్నారు. నువ్వీవిడ్ని చూసుకునే తీరు చూశాను కదా. నేను చెప్తాను. పెద్ద సిస్టరు కాగితాలు పెట్టిత్తాది. ఇది కువైట్ కాదు, నిన్ను జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్లేవాడు ఇక్కడ లేడు. మా ఆవిడ పోయాక ఇల్లు ఖాళీగానే ఉంది, కూతురిలా ఉందువు గాని. తర్వాత మీ ఆయన్ని పిలిపిద్దాం. ఏడాది పట్టుద్దో, రెండేళ్లు పట్టుద్దో. అప్పుడు ఇద్దరూ ఒక ఇంట్లో ఉంటారు."

"పాస్‌పోర్టు మామా దగ్గరండి," అంది గాని, అది నిజం కాదు. ప్రయాణపు హడావుడిలో ముసలావిడదీ తనదీ రెండు పాస్‌పోర్టులూ పెద్ద మామా కుర్చీ వెనక సంచిలోనే పడి ఉన్నాయి. రోజూ ఆమె చేయి వాటికి తగులుతూనే ఉంది.

"ఏమంటున్నాడు?" అని పెద్ద మామా అరబ్బీలో అడిగింది.

"మా ఊరి సంగతులు అడుగుతున్నాడు," అని చెప్పింది.

రెండు వారాలు బుల్లెమ్మ ఆ మాటను లోపలే పెట్టుకుని తిరిగింది. ఈలోగా పెద్ద మామా మొండికేసింది. ఆ రాతి ఇంటి చెమ్మ ఆవిడకు పడలేదు. దగ్గు పట్టుకుంది. అజాన్ వినపడని దేశంలో చస్తే నన్ను ఎవరు సాగనంపుతారు, నన్ను నా ఇంటికి పంపెయ్యండి అని రోజూ ఏడుపు. చివరికి మామా విసిగిపోయి, తల్లినీ బుల్లెమ్మనూ ముందు పంపేసి తాము ఆగస్టు చివర వస్తామంది. సోమవారం విమానం.

దానికి ముందు గురువారం పిల్లలు మళ్లీ కోటకు వెళ్దామన్నారు. సత్యనారాయణ గుమ్మం దగ్గరే ఎదురుచూస్తున్నాడు.

"సిస్టరుతో మాట్లాడాను. ఇవాళ ఈ గుమ్మం దాటి నాతో వచ్చేసెయ్. ఒక్క మాట అను, చాలు."

బుల్లెమ్మ పెద్ద మామా వైపు చూసింది. ఆవిడ ఎండకు కళ్లు మూసుకుని తల వాల్చి నిద్రపోతోంది. కుర్చీ వెనక సంచి నోరు తెరుచుకునే ఉంది.

"రెండేళ్లన్నారు కదండీ," అంది చివరికి. "రెండేళ్లపాటు ఆయన గోడ దగ్గరికి ఒక్కడూ వచ్చి కూచుంటాడండి. నాకు తెలుసు. రావద్దని చెప్పినా వత్తాడు."

"ఎర్రిదానా," అన్నాడు ఆయన. అంతకు మించి బలవంతం చేయలేదు. వెళ్లేటప్పుడు వంతెన దాకా వచ్చి నిలబడ్డాడు. కారు మలుపు తిరిగే దాకా టోపీ చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

సోమవారం రాత్రికి కువైట్‌లో దిగారు. ఇల్లు తాళం తీసి, దుమ్ము దులిపి, పెద్ద మామాను ఆవిడ మంచం మీద పడుకోబెట్టింది. ఆ ముసలామె గోడను తడిమి ముద్దు పెట్టుకుంది. మంగళవారం బుల్లెమ్మ సబ్హాన్ గోదాముకు ఫోన్ చేసింది. గుమాస్తా కేకేస్తే పెద్దిరాజు పరిగెత్తుకొచ్చాడు.

"వచ్చేశావా? నిజంగా? ఇంకో నెల ఉందన్నావు కదా!"

"వచ్చేశానండి. ఇంట్లో నేనూ ముసలావిడే. మీకో సంగతి చెప్పాలి. ఫోన్‌లో కాదు, వచ్చాక చెప్తాను."

"శుక్రారం పెందలాడే వత్తాను. ఎండెక్కక ముందే వత్తాను."

గురువారం తెల్లవారుజామున ఇల్లు కదిలింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. బుల్లెమ్మ మేడ మీదికి పరుగెత్తి చూస్తే సముద్రం పక్క రోడ్డు మీద ట్యాంకులు బారు కట్టి పోతున్నాయి. మొదట ఇవి కువైటీలవే అనుకుంది. పక్కింట్లో పని చేసే హమీదా బీ గోడ మీద నుంచి తల పెట్టి అరిచింది. ఆమెది రాయచోటి.

"ఓ బుల్లక్కా! లోపలికి పో! ఇరాకోళ్లు వచ్చినారంట! రేడియోలో చెప్తాండారు. మన కువైట్ ఖలాస్ అంట!"

ఆ రోజంతా గోదాముకు ఫోన్ చేస్తూనే ఉంది. గంట మోగుతోంది, ఎత్తేవాళ్లు లేరు. శుక్రవారం తెల్లవారింది. బయట కాల్పులు వినిపిస్తున్నా బుల్లెమ్మ వీధి తలుపు వెనకే కూర్చుంది. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. పెద్ద మామా నీళ్లు నీళ్లు అని పిలుస్తున్నా మూడుసార్లు పిలిచే దాకా లేవలేదు.

పదకొండో రోజున ఇక ఆగలేకపోయింది. ఆమె, హమీదా బీ నల్ల అబాయాలు కప్పుకుని, సూర్యుడు పైకి రాకముందే నడక మొదలుపెట్టారు. దారంతా కాలిపోయిన కార్లు, పగిలిన కొట్లు. చెక్‌పోస్టు దగ్గర సైనికుడు ఆపితే "హిందీ, హిందీ" అన్నారు. ఇండియావాళ్లని తెలిసి వదిలేశాడు. సబ్హాన్ చేరేసరికి గోదాము తలుపులు పెకలించి ఉన్నాయి. నేలంతా నూనె, దాంట్లో బూట్ల గుర్తులు. షెడ్డు గుమ్మంలో ముసలి కాపలాదారు రామసుబ్బయ్య ఒక్కడే ఒక మూట కట్టుకుంటున్నాడు. కడప జిల్లా మనిషి, పెద్దిరాజు పక్క మంచం వాడు. ఆమెను చూసి మూట వదిలేసి లేచాడు.

"నువ్వు బాగానే ఉండావా తల్లీ? పెద్దిరాజు యాడ?"

"ఆయన ఇక్కడ లేరా?"

రామసుబ్బయ్య మొహం పాలిపోయింది.

"నీ కాడికే వచ్చినాడు కదమ్మా! బేస్తవారం పొద్దున్నే. బస్సుల్లేవు, రోడ్డు మింద తుపాకులు. పోవద్దురా సామీ, రెండ్దినాలు ఆగు అని మేమంతా కాళ్లు పట్టుకుంటిమి. ఇన్లేదు. 'మా బుల్లి వచ్చింది, ఇంట్లో ముసలామెతో ఒక్కతే ఉంది' అని ఒకటే పాట. నడ్సుకుంటా పోయినాడు."

"మిగతా వాళ్లు?"

"అందరూ బాగుండారు. లారీ మాట్లాడుకుని జోర్డాన్ దిక్కు పోయినారు. నేనూ ఈ పొద్దు పోతాండా." ఆయన కళ్లు దించుకున్నాడు. "నువ్వు ఇంకా ఆ ఫ్రాన్సులోనే ఉండావని అనుకుని ఉంటే, వాడూ ఆ లారీలోనే పోయి ఉండునమ్మా."

ఆ ముసలాయన ఆ మాట అనాలని అనలేదు. బాధలో నోట్లోంచి జారిపోయింది. కానీ బుల్లెమ్మ అక్కడే నూనెలో చతికిలబడింది. హమీదా బీ రెండు చేతులూ పట్టుకుని లేపి, "పా అక్కా, పోదాం పా," అంటూ నడిపించుకొచ్చింది. వచ్చే దారిలో కనిపించిన ప్రతి కాలిన బండిలోకీ బుల్లెమ్మ తొంగి చూసింది. రోడ్డు పక్క కప్పి ఉన్న ప్రతిదాని మీదా గుడ్డ ఎత్తబోయింది. హమీదా బీ చేయి పట్టుకుని వెనక్కి లాగుతూనే ఉంది.

ఆ రోజు సాయంత్రం బుల్లెమ్మ పెద్ద మామా గదిలోకి వెళ్లలేదు. ఆవిడ పిలిచింది. తర్వాత ఏడ్చింది. తర్వాత పక్క తడుపుకుంది. ఆ వాసన వంటింటి దాకా వచ్చినా బుల్లెమ్మ కదల్లేదు. నిన్ను తీసుకురావడానికి కాకపోతే నేను వచ్చేదాన్నా, నేను రాకపోతే ఆయన బయల్దేరేవాడా అని లోలోపల అదే మాట తిప్పుతూ కూర్చుంది. మర్నాడు పొద్దున వెళ్లి, బట్టలు మార్చి, ఒళ్లు తుడిచి, అప్పుడు అంతా చెప్పింది. కోటలో కావలి మనిషి అన్న మాట, సంచిలో పాస్‌పోర్టు, తను చెప్పిన అబద్ధం, మొగుడు నడిచి బయల్దేరడం, అన్నీ.

పెద్ద మామా చేయి చాచి బుల్లెమ్మ కొంగు పట్టుకుంది.

"ఆ రోజు నేను నిద్రపోలేదు," అంది. "ఆ మనిషి నిన్ను రమ్మంటున్నాడని మాట తెలియకపోయినా తెలిసింది. నువ్వు వెళ్లిపోతే నన్ను ఎవరు చూస్తారని భయపడి, కళ్లు మూసుకుని, నువ్వు వెళ్లకూడదని దేవుణ్ని అడిగాను."

ఆ మాటకు బుల్లెమ్మకు కోపం రావాల్సింది. రాలేదు. కోపానికి కూడా లోపల ఏదో మిగిలి ఉండాలి.

సెప్టెంబరులో సైనికులు ఇంట్లోకి వచ్చారు. టీవీ, ఫ్రిజ్, ఏసీలు ఊడదీసుకున్నారు. పోతూ పోతూ చక్రాల కుర్చీ కూడా ఎత్తుకుపోయారు. అప్పటి నుంచి పెద్ద మామాను బుల్లెమ్మ వీపున వేసుకుని స్నానాలగదికి మోసేది. అన్నం సగమైంది, మందులు అయిపోయాయి. ఒక రోజు హమీదా బీ మూటతో వచ్చింది.

"మా ఇంటి కువైటీలు సౌదీకి పోయినారక్కా, నేను బస్సు మాట్లాడుకున్యా. బస్రా, బాగ్దాద్, ఆడి నుంచి అమ్మాన్. మన విమానాలు వచ్చి బొంబాయికి తీస్కపోతాండాయంట. రా. ఇద్దరికీ సీటు ఉంది."

"నువ్వు పో," అంది పెద్ద మామా, ఆ మూట చూసి సంగతి గ్రహించి, మంచం మీంచి అరబ్బీలో. "నన్ను తలుపు దగ్గర పడుకోబెట్టి పో."

"ఈవిణ్ని ఎలా వదిలేత్తాను చెల్లీ?" అంది బుల్లెమ్మ. "అదీగాక, ఆయనొత్తే ఇక్కడికే కదా రావాలి."

హమీదా బీ ఆమెను కావలించుకుని బావురుమంది. తన బియ్యం డబ్బా ఇచ్చి వెళ్లిపోయింది.

అక్టోబరు మొదటి వారంలో పెద్ద మామా పోయింది. ఆఖరికి గుటక కూడా పడలేదు. వీధిలో మిగిలిన నలుగురు ముసలి కువైటీలు వచ్చి, తీసుకెళ్లి పాతిపెట్టారు. ఇల్లంతా ఖాళీ అయింది. బుల్లెమ్మ ఇంకో అయిదు రోజులు ఉంది. ఆరో రోజున ఆఖరి బస్సు అని తెలిసి, పెద్దిరాజు చదవగలిగేలా గోడ మీద బొగ్గుతో పెద్ద తెలుగు అక్షరాల్లో "ఎదుర్లంక వెళ్లాను" అని రాసి బయల్దేరింది.

ఎదుర్లంకలో పెద్దిరాజు లేడు. ఉత్తరం లేదు. మూడు నెలలు చూసి, మరిది కర్మ చేయించేద్దాం అన్నాడు. "శవం లేకుండా ఎవరికి చేత్తావు?" అని ఆమె కర్మకు కూర్చోలేదు. గాజులు తీయలేదు. ఊళ్లో కొందరు జాలిపడ్డారు, కొందరు మొహం తిప్పుకున్నారు.

యుద్ధం అయిపోయాక మామా నుంచి వీసా వచ్చింది. మొగుణ్ని వెతకాలంటే పనిమనిషిగా వెళ్లడం తప్ప ఆమెకు ఆ దేశంలోకి వేరే దారి లేదు. 1991 ఆగస్టులో దిగింది. మధ్యాహ్నం రెండింటికి కూడా ఆకాశం నల్లగా ఉంది. చమురు బావుల మసి కిటికీల మీద, దుప్పట్ల మీద, నాలుక మీద. ఇంటి గోడకు కొత్త రంగు వేసేశారు. మామా తల్లి ఆఖరి రోజుల గురించి అడిగింది. బుల్లెమ్మ అన్నీ చెప్పింది, ఆ ఒక్క సాయంత్రం తప్ప. మామా ఆమె చేతుల మీద ముద్దు పెట్టుకుని, నీకేం కావాలన్నా చేస్తానంది.

"మా ఆయన్ని వెతికించండి," అంది.

మామా నిజంగానే తిప్పింది. ఆసుపత్రులు, పోలీసు స్టేషన్లు, పేరు లేని సమాధులకు నంబర్లు వేసిన పుస్తకం, అన్నీ చూశారు. ఖైదీలుగా ఇరాక్ తీసుకెళ్లినవాళ్ల జాబితా ఒకటి ఉంది. అందులో కువైటీల పేర్లే ఎక్కువ. ఇండియావాళ్ల సంగతి మీ ఎంబసీలో అడగమన్నారు. ఎంబసీలో, అతనికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఎవరో ఆయన్ని అడగమన్నారు. గోదాము యజమాని దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఆయన తన దస్త్రం తిరగేసి, నివాస అనుమతులు ఇచ్చే ఇఖామాల ఆఫీసుకు వెళ్లమన్నాడు.

అక్కడ గుమాస్తా పెద్ద పుస్తకంలో వేలు పెట్టి వెతికి ఆగాడు. మామాకు అరబ్బీలో ఏదో చెప్పాడు. మామా మొహం చిన్నబోయింది.

"ఏమంటున్నారు?"

"ఆగస్టు రెండున పని చోటు నుంచి చెప్పకుండా పారిపోయాడని యజమాని రాయించాడు. యుద్ధమయ్యాక మళ్లీ పనిలో చేరినవాళ్ల లెక్క తేల్చేటప్పుడు, రానివాళ్లందరికీ అలాగే రాయించాడట. పరారీలో ఉన్నవాణ్ని తప్పిపోయినవాడిగా రాయడం కుదరదంటున్నాడు."

"ఆయన పారిపోలేదు," అంది బుల్లెమ్మ. గుమాస్తా వైపు తిరిగి, తనకు వచ్చిన అరబ్బీలో మళ్లీ చెప్పింది. "నా మొగుడు పారిపోలేదు. నా దగ్గరికి బయల్దేరాడు. ఆ మాట కొట్టెయ్యండి."

గుమాస్తా చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మంచినీళ్లు తెప్పించాడు.

"కొట్టేయొచ్చమ్మా," అన్నాడు. "దానికి పద్ధతి ఉంది. ఆ మనిషే స్వయంగా ఇక్కడికి వచ్చి, నేను పారిపోలేదు అని సంతకం పెట్టాలి."

బుల్లెమ్మ ఆ నీళ్లు తాగలేదు. లేచి బయటికి వచ్చింది. ఆ ఇంట్లో ఆమె ఇంకా తొమ్మిదేళ్లు పని చేసింది. ఏడాదికి ఒకసారి ఆ ఆఫీసుకు వెళ్లేది. గుమాస్తాలు మారారు, పుస్తకం పోయి కంప్యూటరు వచ్చింది. పెద్దిరాజు పేరు ఎదుట ఆ మాట మాత్రం మారలేదు.